బాల్కనీ దిగిన అమ్మమ్మ

విశ్వవిద్యాలయంలో చర్చా సంఘం పుట్టి తొంభై ఏళ్లు దాటింది. దాన్ని మూసేసి, ఆ హాల్లో కంప్యూటర్లు పెట్టిద్దామని కొత్త రిజిస్ట్రారుగారు పట్టుబట్టారు. సంఘం అధ్యక్షుడు కాళ్లావేళ్లా పడలేదు.

"ఈ సంఘాన్ని మూసేయాలా వద్దా అన్నదాని మీదే చర్చ పెడతాం సార్. మీరూ రండి. ఓట్లు ఎటు పడితే అటే కానిద్దాం" అన్నాడు.

ఎవరిది ఏ పక్షమో చీటీలు తీసి తేల్చుకోవడం అక్కడి పద్ధతి. సంఘం కార్యదర్శి లా చదివే అమ్మాయి. అందరూ పిడుగు అంటారు. ఆమెకి 'మూసేయాలి' అన్న చీటీ వచ్చింది. మార్చుకోమని స్నేహితులు ఎంత పోరినా ససేమిరా అంది. రెండు వారాలు పాత మినిట్సు పుస్తకాల దుమ్ము దులిపింది. కావలసిన ఆయుధం దొరికింది.

చర్చ రోజున హాలు కిక్కిరిసిపోయింది.

"మొదటి నలభై ఏళ్లు ఇక్కడ ఆడవాళ్లు మాట్లాడకూడదు" అని మొదలుపెట్టింది పిడుగు. "బాల్కనీలో కూర్చుని చప్పట్లు కొట్టొచ్చు, అంతే. మా అమ్మమ్మ ఇక్కడ చదివిన మూడేళ్లూ అలాగే కూర్చుంది. సగంమంది నోళ్లు కట్టేసి వాక్‌స్వాతంత్ర్యం మీద ఉపన్యాసాలు దంచిన సంఘం ఇది. దీన్ని చూసి గర్వపడాలా?"

రిజిస్ట్రారుగారి ముఖం చేటంత అయింది.

"సభలోంచి ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడొచ్చు. పాత విద్యార్థులైనా సరే" అన్నాడు అధ్యక్షుడు.

బాల్కనీలోంచి ఒక చెయ్యి లేచింది. పిడుగు గతుక్కుమంది. అమ్మమ్మ! మనవరాలి వాదన వినడానికొచ్చి, అలవాటు కొద్దీ పైకే ఎక్కి కూర్చుందావిడ.

"కిందికి రండి మామ్మగారూ."

"వస్తున్నా నాయనా. మోకాళ్లు ఒప్పుకోవాలిగా!"

మెల్లగా దిగివచ్చి మైకు పట్టుకుంది.

"మా మనవరాలు చెప్పిందంతా నిజం. ఉండబట్టలేక అరిచానని ఓసారి నన్ను బయటికి కూడా పంపారు. కానీ పైన కూర్చుని ప్రతివాడికీ మనసులో జవాబు చెప్పుకునేదాన్ని. ఆ అభ్యాసంతోనే మా నాన్నతో వాదించి, ముందు ఉద్యోగం, తర్వాతే పెళ్లి అని నెగ్గాను. వాళ్లకి ఇష్టం లేకపోయినా నాకు నోరిచ్చింది ఈ హాలే. ఇన్నాళ్లకి కిందికి దిగొచ్చాను. దిగీ దిగగానే తలుపులేసేస్తారా?"

హాలంతా చప్పట్లతో హోరెత్తింది. 'మూసేయాలి' అన్నవాళ్లు నలభై ఒక్కరు. 'వద్దు' అన్నవాళ్లు నూట పన్నెండు మంది, రిజిస్ట్రారుగారితో కలిపి. లేచిన తన చేతిని ఆయనే కాసేపు వింతగా చూసుకున్నారు. కంప్యూటర్లకి ఇంకో గది వెతుకుదాంలెమ్మని గొణిగారు.

గేటు దాటాక పిడుగు మూతి ముడుచుకుంది.

"సొంత మనవరాలిని ఓడించావు కదే!"

"బాగా మాట్లాడావే తల్లీ. నాకే చెమటలు పట్టించావు."

"అయినా నా ముఖ్యమైన పాయింటుకి నువ్వు జవాబివ్వలేదు."

"ఏదీ, చెప్పు."

చెప్పింది. అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఇద్దరూ స్టాపులో నిలబడి చేతులు తిప్పుకుంటూ వాదించుకుంటూంటే, ఎక్కాల్సిన బస్సు కాస్తా వెళ్లిపోయింది.