రెండోసారి వచ్చిన మెయిల్

బెల్లం వర్తకుడు వెంకటరమణకు పొద్దున్నే కొట్లో కంప్యూటర్ తెరవడమంటే ఒళ్ళుమంట. వర్తకుల సంఘం మెయిలింగ్ లిస్టులో మార్కెట్ యార్డు సెలవులూ లారీల కబుర్లూ వచ్చి పడేవి. అదీ ఒక్కోటి రెండేసిసార్లు. ఆయన సణుగుడు పడలేక కూతురు సుమశ్రీ రెండేళ్ళ కిందట ఓ ఏర్పాటు చేసింది. సంఘం మెయిళ్ళు ‘సంఘం’ ఫోల్డర్‌లోకి, అదే మెయిల్ మళ్ళీ వస్తే ‘నకళ్ళు’ ఫోల్డర్‌లోకి వాటంతటవే పోతాయి. రెండో ఫోల్డర్ జోలికి ఎవరూ పోలేదు.

ఓ సోమవారం సంఘం ఫోల్డర్‌లో అన్నగారి కూతురు ఉషశ్రీ పెళ్ళి శుభలేఖ కనిపించింది. అన్న రామ్‌గోపాల్ సంఘం కార్యదర్శి, లిస్టుకు మెయిళ్ళు పంపేది ఆయనే. ఆయన ఆ పదవికి నిలబడిన ఎన్నికలో వెంకటరమణ అవతలి పక్షానికి చెయ్యెత్తాడు. అప్పట్నుంచీ అన్నదమ్ములకు మాటల్లేవు. వాళ్ళ కుటుంబాల్లో ఊరందరికీ శుభలేఖ పంచినా అయినవాళ్ళను మళ్ళీ విడిగా పిలవాలి. లేకపోతే అది పిలుపే కాదు.

“ఊరందరితోపాటు నన్నూ పిలిచేడు. లారీవోళ్ళకీ నాకూ తేడా ఏటి? నేనెల్లను,” అన్నాడు వెంకటరమణ.

ఉషశ్రీని భుజాల మీద ఎత్తుకు తిప్పిన మనిషి. పెళ్ళికి వెళ్ళకుండా ఉండలేడు, పిలవకుండా చచ్చినా వెళ్ళడు. పెళ్ళినాటి పొద్దున కూడా కొట్లో కూర్చుని కనిపించినవాళ్ళందరి మీదా కసురుకుంటున్నాడు. సుమశ్రీ చూడలేకపోయింది.

“పెదనాన్న అలా సెయ్యడు. ఉండు నాన్నా,” అంటూ నకళ్ళ ఫోల్డర్ తెరిచింది.

పైనే ఉంది. అదే శుభలేఖ, అవే మాటలు. పంపింది మాత్రం సంఘానికి కాదు, వెంకటరమణ ఒక్కడికే. మాట తేడా లేదు కనక కంప్యూటర్ పక్కకు నెట్టేసింది. దాని కింద దసరా సెలవు, ఆ కింద లారీల కబురు. రెండేళ్ళుగా సంఘానికి పంపిన ప్రతిదీ అన్న మళ్ళీ తమ్ముడికి విడిగా పంపుతూనే ఉన్నాడు.

“లిస్టులో ఏదో తప్పనుకున్నాను నాన్నా,” అంది సుమశ్రీ, తప్పు చేసినదానిలా.

వెంకటరమణ ఫోన్ తీసి అన్నకు చేశాడు.

“అన్నయ్యా, ఒక్కదానికీ జవాబియ్యలేదు. అయినా పంపేవేటి?”

అవతల సన్నాయి మోగుతోంది. “జవాబియ్యకపోయినా సదువుతన్నావు కదా అనుకున్నానురా,” అన్నాడు రామ్‌గోపాల్.

వెంకటరమణ తెర మీద ఒక్కటీ తెరవని ఆ మెయిళ్ళ వరస కేసి చూశాడు.

“అన్నీ సదివేనన్నయ్యా,” అని అబద్ధమాడి, కొట్లో అందరి ముందూ ఏడ్చేశాడు.