తిప్పమ్మ వాళ్లు తవ్విన బావి

కుందుర్పి దగ్గర ఒక ఎండిన బావిలో తమ మేకపిల్ల పడిందని తెలిసి ఓబిలేష్ తాడు పట్టుకుని పరుగెత్తాడు. అతను బోరు లారీ మీద పనిచేస్తాడు. మిషను మొదలుపెడితే తెల్లారేసరికి ఎంత లోతుకైనా దిగిపోతుంది. మనిషిగా తాను బావిలోకి దిగడం మాత్రం ఇదే మొదలు.

గోడలోంచి పొడుచుకొచ్చిన రాతిబండలే మెట్లు. పట్టుకోవడానికి ఏమీ లేదు. వీపు గోడకు ఆనించి, ఒక్కో బండనూ కాలితో తడుముకుంటూ దిగాడు. అడుగున ఎండుటాకుల గుట్టలో మేకపిల్ల వణుకుతూ కనిపించింది. దాన్ని ఎత్తుకునేసరికి పైన వెలుతురుకు ఏదో అడ్డం వచ్చింది. అతని తల్లి తిప్పమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని దిగుతోంది.

"యాడికొస్తాండావమ్మా? పడతావు."

"నేనేల పడతాను? ఈ బాయి మేం తవ్విందే కదరా."

తమ వాళ్లు బావులు తవ్వేవాళ్లని అతను వినే ఉన్నాడు కానీ ఎన్నడూ పట్టించుకోలేదు. ఇప్పుడు గోడ మీద చెయ్యి పెట్టాడు. నల్లరాయి నిండా, కింది నుంచి పైదాకా, ఉలి గంట్లే. తలెత్తి చూస్తే ఆకాశం చాటంత ఉంది.

"ఈడుండే రాయంతా యాడికి పోయిందిమ్మా?"

"పైన గుట్ట ఉండాది చూడు, అదే. మా నాయన రాయి కొడతాంటే నేనూ మా అక్కా గంపలతో మోసి పోసినాం."

ఓబిలేష్ చిన్నప్పుడు ఆ గుట్టెక్కి గాలిపటాలు ఎగరేశాడు. కొండలతో పాటే పుట్టిన గుట్ట అనుకున్నాడు ఇన్నాళ్లూ.

"నీళ్లు పడిన పొద్దు ఎట్లుండె?"

తిప్పమ్మ ఎండుటాకులను కాలితో పక్కకు నెట్టింది. "కాళ్ల కింద సల్లగా తగిలింది. నాయన సుత్తి కింద పెట్టేసి ఏడ్చినాడు. ఆయప్ప ఏడ్వంగా చూసింది అదొక్కసారే."

కొడుకు చేతుల్లోంచి మేకపిల్లను తీసి భుజాల మీద వేసుకుని ఆమె ఎక్కడం మొదలుపెట్టింది. గోడను ముట్టుకోలేదు, కిందికి చూడలేదు. బండ ఎక్కడుందో ఆ పాదాలకే తెలుసు. గోడకు కరుచుకుని ఎక్కుతున్న ఓబిలేష్, పగుళ్లిచ్చిన ఆ మడమలను గుడిమెట్లు చూసినట్టు చూశాడు.

పైకి వచ్చాక రొప్పు తగ్గనిచ్చి అడిగాడు. "ఇంకెన్ని తవ్వినారమ్మా?"

"ఎవరు లెక్క పెట్టినారప్పా. రా, దావలో ఇంకోటి ఉండాది, చూపిస్తా."

అతను తాడు చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు. ఆమెను దాటిపోకుండా వెనకే నడిచాడు.