కిటికీలో నిలబడిన పిల్ల

అక్రాలోని ఒక చిన్న టీవీ చానల్లో అన్సా ఉద్యోగం. పాత వీడియో టేపులకు పట్టిన బూజు తుడిచి, తెగినచోట అతికించి, కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. చిన్నప్పుడు వీడియో సెంటర్ల బెంచీల మీద ఇరుక్కుని కూర్చుని చూసిన సినిమాలంటే జనానికి ఇంకా మోజు తీరలేదు. ఆదివారం మధ్యాహ్నం అలాంటిదొకటి వేస్తే ఊరంతా ఇళ్ళల్లోనే ఉంటుంది.

ఆ రోజు పొద్దున వచ్చిన అట్టపెట్టెలో, తొమ్మిదేళ్ళ వయసులో తను నటించిన సినిమా ఉంది.

"అక్కా, ఈ దెయ్యం పిల్లవి నువ్వేనా?" పక్క కుర్చీలోంచి బాఫో మెడ చాచి చూశాడు. "అదీ సంగతి! మేనేజర్ నిన్ను చూడగానే పక్కకి ఎందుకు తప్పుకుంటాడో ఇప్పుడు తెలిసింది."

"నోరు మూసుకుని నీ పని చూసుకో. లేకపోతే నీ కలలోకి వస్తా," అంది అన్సా నవ్వుతూ.

సవతి తల్లి చంపేసిన పిల్ల తెల్ల గౌనుతో, ముఖం నిండా తెల్ల పౌడరుతో మళ్ళీ ఇంట్లో తిరగడం ఆ సినిమా కథ. కోఫరిదువా ఊళ్ళో అన్సా వాళ్ళు ఉండే ఇంట్లోనే తీశారు. మధ్యలో పెద్ద వాకిలి, చుట్టూ ఆరు గదులు, ఐదు కుటుంబాలు. డైరెక్టర్ అడోమాకో ఆ వాకిట్లో అడుగుపెట్టగానే అన్సాని చూసి, "ఈ కళ్ళు చాలు నాకు," అన్నాడట. అన్సా తల్లి యెబోవా ఆ మాటను చచ్చేదాకా చెప్పుకుంది.

టేపు తిరుగుతూంటే అన్సాకు ఒక్కొక్కటీ గుర్తొస్తోంది. పౌడరు ముక్కులోకి పోయి తుమ్మినది, గౌను వీపు దగ్గర పిన్నీసు గుచ్చుకున్నది. ఇంతలో ఆ షాట్ వచ్చింది. సవతి తల్లి వాకిట్లో రోట్లో ఉడికిన దుంపలు వేసి ఫుఫు దంచుతూంటుంది. కెమెరా మెల్లగా పక్కకు జరుగుతుంది. ఆమె వెనక మూసి ఉన్న గది కిటికీలో, ఇనప చువ్వ మీద గడ్డం ఆనించి పిల్ల నిలబడి ఉంటుంది. ఎడమ చెయ్యి చువ్వను పట్టుకుని ఉంటుంది. అంతే. ఏడు సెకన్లు. ఆ రోజుల్లో వీడియో సెంటరంతా కెవ్వుమన్నది ఆ ఏడు సెకన్లకే.

అన్సా నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల తను కాదు.

ఆ మాట ఆమెకు చిన్నప్పుడే తెలుసు. ఆ షాట్ తీసిన రోజు ఆమెకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. పక్క వీధిలో అమ్మమ్మ ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుంది. కానీ సినిమా వచ్చాక బళ్ళో పిల్లలందరూ ఆమెను "కిటికీ పిల్ల" అని పిలవడం మొదలుపెట్టారు. పెద్ద తరగతుల ఆడపిల్లలు కూడా దారి ఇచ్చేవారు. కాదని చెప్పడానికి నోరు రాలేదు.

ఒక రోజు సాయంత్రం ఒఫోసువా పెద్దమ్మ వచ్చింది. ఆ కిటికీ ఉన్న గది ఒకప్పుడు ఆమెదే. కూతురు పోమా వానాకాలం జ్వరంతో పోయాక ఆ గదికి తాళం వేసి, వెళ్ళి తమ్ముడింట్లో ఉంటోంది. తాళంచెవి ఆమె కొంగునే ఉండేది. పోమా ఫొటో ఒక్కటీ లేదు. తీయించాలి తీయించాలి అనుకుంటూండగానే పిల్ల పోయింది.

"తల్లీ, ఆ కిటికీలో ఉన్నది నువ్వేనా?" అని ఆమె అన్సా ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది.

"మా పిల్ల గాక ఇంకెవరు వదినా? అందరూ దీన్నేగా మెచ్చుకునేది," అంది యెబోవా.

"నిన్ను కాదు, దాన్ని అడుగుతున్నా. నిజం చెప్పమ్మా. నేనేమీ అనుకోను."

"నేనే, పెద్దమ్మా," అంది అన్సా.

ఒఫోసువా ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత లేచి, బట్టలకంటిన దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ వాకిలి తొక్కలేదు.

ఇరవై ఏడేళ్ళ తర్వాత, పట్టపగలు, ఫ్యాను తిరుగుతున్న గదిలో అన్సా ఆ ఏడు సెకన్లను బొమ్మ తర్వాత బొమ్మగా ఆపి ఆపి చూసింది. పిల్ల రెప్ప వెయ్యలేదు. కదల్లేదు. పౌడరు పూసిన ముఖం ఎవరిదైనా ఒక్కలాగే ఉంటుంది. కానీ ఆ పౌడరు మెడ దగ్గర ఆగలేదు. చువ్వను పట్టుకున్న వేళ్ళ సందుల్లో కూడా తెల్లగానే ఉంది.

అడోమాకో నంబరు సంపాదించి ఫోను చేసింది. ముసలాయన ఆమె పేరు వినగానే సంబరపడ్డాడు.

"ఆ షాటా? ఎలా మరిచిపోతానమ్మా! అది రాసుకున్నది కాదు. కెమెరా తిప్పితే నువ్వే నిలబడి ఉన్నావు. కదలకు అని అరిచాను. కదల్లేదు. పుట్టుకతో నటివి నువ్వు."

"సార్, ఆ రోజు నాకు జ్వరం. నేను రాలేదు."

"పౌడరు బాగా పూశావని మేకప్ అమ్మాయిని మెచ్చుకున్నాను," అన్నాడు అడోమాకో. "నేను పూయలేదు సార్ అంది. హాస్యమాడుతోందనుకున్నా." తర్వాత గొంతు తగ్గించి, "అన్సా, ఆ గదికి తాళం ఉండేది కదూ?" అని అడిగాడు.

శనివారం పొద్దున్నే లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆమె కోఫరిదువా బస్సెక్కింది. ఎడారి నుంచి వీచే హర్మటాన్ గాలికి ఊరంతా దుమ్ము కప్పుకుని ఉంది. ఒఫోసువా తమ్ముడింటి పంచలో పీట మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. బాగా ముసలిదైపోయింది. అన్సా కింద చతికిలబడి పేరు చెప్పుకుంది.

"యెబోవా కూతురివా? ఎంత లావయ్యావే! అక్రాలో తిండి ఒంటబట్టిందన్నమాట."

అన్సా నవ్వలేకపోయింది. "పెద్దమ్మా, అప్పుడు నీకు అబద్ధం చెప్పాను. ఆ కిటికీలో ఉన్నది నేను కాదు."

ఒఫోసువా చేతిలో కాయ చిట్లించి, గింజలు చాటలో వేసింది.

"ఈ ముక్క నీ నోట్లోంచి రావడానికి ఇన్నేళ్ళు పట్టిందా?"

"నీకు తెలుసా?"

"దానికి ఎడమ చేతి వాటం. ఎడమ చెయ్యి చాచకే, నలుగురూ నవ్వుతారే అని ఎన్ని దెబ్బలు వేశానో. నా బిడ్డ చెయ్యి నాకు తెలియదా?"

"మరి ఆ రోజు ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వేమో 'నేనే' అన్నావు. తొమ్మిదేళ్ళ పిల్లని పట్టుకుని నలుగురి ముందు దొంగని చెయ్యమంటావా? వీడియో సెంటర్లో ఆ సినిమా ఆడినన్నాళ్ళూ వెళ్ళి చూసుకున్నా. తీసేశాక మళ్ళీ వెయ్యమని వాళ్ళని అడగలేకపోయాను." అన్సా సంచి వైపు చూసి, "తెచ్చావా?" అంది.

అన్సా పీట పక్కన లాప్‌టాప్ పెట్టి తెరిచింది. సవతి తల్లి ఫుఫు దంచుతోంది. కెమెరా జరిగింది. పిల్ల చువ్వ మీద గడ్డం ఆనించి నిలబడి ఉంది. పెద్దమ్మ బాగా చూసుకుంటుందని అన్సా బొమ్మని ఆపింది.

"ఆపకే!" అని ఒఫోసువా ఆమె మణికట్టు పట్టుకుంది. "ఆపితే దానికి ఊపిరాడదు."

అన్సా గబుక్కున మీట నొక్కింది. బొమ్మ కదిలింది. ఒఫోసువా తెర దగ్గరగా వంగి, ఏదో చాలా మెల్లగా అంది. అన్సాకు "పోమా" అన్నది మాత్రమే వినిపించింది.

కిటికీలో పిల్ల చువ్వ మీంచి గడ్డం తీసింది. ఎడమ చెయ్యి వదిలింది. గదిలోని చీకటి వైపు తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. వాకిట్లో సవతి తల్లి దంచుతూనే ఉంది. ఖాళీ కిటికీ మీద ఎండ పడుతోంది.

ఆ ఏడు సెకన్లలో ఒక్కొక్క బొమ్మనూ అన్సా చూసింది. ఇది వాటిలో లేదు. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. ఈసారి మొదటినుంచీ కిటికీ ఖాళీగానే ఉంది. ఇంకోసారి పెట్టింది. అదే.

"పెద్దమ్మా, ఏదీ? ఎక్కడికి పోయింది?"

"ఎంతకాలమని నిలబడుతుందే? కాళ్ళు పీకవూ?" అంది ఒఫోసువా. కళ్ళు తుడుచుకోలేదు. నీళ్ళు కారుతుంటే కారనిచ్చింది. "వెళ్ళి పడుకోమన్నాను."

అన్సా బయటికి వచ్చి బాఫోకు ఫోను చేసింది. "ఆఫీసు కంప్యూటర్లో ఆ కిటికీ షాట్ తీసి చూడు. ఏముంది?"

"ఏముంటుంది అక్కా? ఆవిడ ఫుఫు దంచుతోంది. వెనక కిటికీ."

"కిటికీలో?"

"ఏమీ లేదే. ఎందుకలా ఉంది నీ గొంతు?"

మరుసటి ఆదివారం సినిమా వేశారు. తర్వాత ప్రేక్షకులతో మాట్లాడే కార్యక్రమంలో కుమాసీ నుంచి ఎవరో ఫోను చేశాడు. "చిన్నప్పుడు ఆ కిటికీని చూసి వారం రోజులు అమ్మ పక్కనే పడుకున్నానండీ. ఇప్పుడు చూస్తే అందులో ఏమీ లేదు. ఉత్త కిటికీ! దేనికి భయపడ్డామో ఏమో," అని నవ్వాడు. తర్వాత ఇంకొకావిడ, ఆ తర్వాత ఇంకొకతను, అందరిదీ అదే మాట.

"అంతేనండీ, పెద్దవాళ్ళమయ్యాం కదా," అంది యాంకరమ్మాయి.

అద్దం ఇవతల గదిలో అన్సా చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్స్ మెల్లగా తీసి బల్ల మీద పెట్టింది. ఆ కిటికీలో పోమా నిలబడిందని చూపడానికి ఇప్పుడు ఒక్క బొమ్మ కూడా లేదు.