రంగనాయకమ్మ పెట్టిన జామీను

తెల్లారి ఆరింటికి రంగనాయకమ్మ తన గేదెను పిలిస్తే, ఊరికి ఆ చివరనున్న పాల కేంద్రంలో మనిషి క్యాను మూత తీసేవాడు. అంత గొంతు ఆమెది. కనకమ్మ సత్రం దగ్గర మెయిన్ రోడ్డు దిగి నాలుగు మైళ్ళు లోపలికి పోతే వచ్చే రాగిమానుకండ్రిగలో ఎవరి పశువు తప్పిపోయినా, ఒక్క కేక వేసి పెట్టమని ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఏటా ఆడి కృత్తిక పండక్కు ఆమె మౌనవ్రతం పట్టి తిరుత్తణి కొండకు నడిచి పోతుంది. దారిలో పొరపాటున నోరు జారకుండా, వాళ్ళమ్మ, అవ్వ చేసినట్టే, బయల్దేరే ముందు గొంతు తీసి ఇత్తడి చెంబులో పెట్టి, పైన గుడ్డ కట్టి దేవుడి గూట్లో ఉంచుతుంది. తిరిగొచ్చాక తగిలించుకుంటుంది. వ్రతం పట్టే ఆడవాళ్ళందరిదీ ఇదే పద్ధతి. ఒక ఏడాది చెంగమ్మ తొందరలో పక్కింటామె చెంబు తీసుకుని, రెండు రోజులు ఆమె గొంతుతోనే మొగుణ్ణి తిట్టింది. తిట్లు మాత్రం చెంగమ్మవే కాబట్టి మొగుడికి పెద్ద తేడా తెలియలేదు.

గొడవ గాంధీ జయంతి గ్రామసభలో మొదలైంది. ఆ ఊరి గ్రామసభ అంటే ముందు సంతకాలు, తర్వాత టీ బిస్కెట్లు, ఆ తర్వాత ఎవరైనా మిగిలితే సభ. సీటు ఆడవాళ్ళకు రిజర్వయింది కనుక ప్రెసిడెంటు జ్యోతిక. కుర్చీలో కూర్చునేది మాత్రం ఆమె మొగుడు మోహన్‌రాజ్. ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని అతను వేలు పెట్టిన చోట సంతకం చేస్తుంది. పెళ్ళయిన రోజు నుంచీ "మెల్లగా మాట్లాడు" అని చెప్పీ చెప్పీ, నాలుగేళ్ళలో ఆమె మాట ఆమెకే వినపడకుండా చేశారు ఆ అత్తింటి పుణ్యాత్ములు. పొలాలన్నీ కూడా మోహన్‌రాజ్ ఆమె పేరునే రాయించాడు. ప్రేమతో కాదు. తన పేరున ఉంటే ఎలా వచ్చాయని ఎవరైనా అడుగుతారని.

చెరువులో మన్ను తవ్వి లారీల్లో తోలేది ఆ మోహన్‌రాజే. ఆ రోజు అందరూ బిస్కెట్లు నములుతుంటే రంగనాయకమ్మ లేచింది.

"మూడడుగులు తవ్వుకోమని గదా పర్మిషన్? ముప్పై అడుగులు తవ్వినావు. కట్ట మొదలు దాకా వచ్చేసినావు. రేపు వానకు కట్ట తెగితే కిందున్న మా చేన్లు యాడికి పోవల్ల నాయనా?"

మైకు లేకుండానే అడిగింది. రోడ్డు మీద పోతున్న బస్సు ఆగింది.

వారం తిరక్కుండా ఆమెకు తిరుత్తణి నుంచి నోటీసు వచ్చింది. అక్కడ ప్రజాశాంతి విభాగమని ఒక ఆఫీసు. అందులో ఫ్యాను కింద ఒక ఆఫీసరు. ఆయన రాజ్యాంగం పుస్తకం తెరిచి, ఎంతో దయగా చెప్పాడు.

"పంతొమ్మిదో అధికరణం మీకు మాట్లాడే హక్కు ఇచ్చిందమ్మా. దాని కిందనే రెండో భాగంలో హద్దులున్నాయి. దేశ భద్రత, విదేశాలతో స్నేహం, ప్రజాశాంతి, సభ్యత, ఇంకా చాలా ఉన్నాయి."

"చెరువు మన్ను ఇందులో యాడుందయ్యా?"

"ప్రజాశాంతిలో."

మోహన్‌రాజ్ ఇంట్లో శాంతి పోయింది కాబట్టి ప్రజల శాంతి పోయినట్టే లెక్క. హక్కున్న భాగం జనానికి, హద్దులున్న భాగం తనకు అని పంచుకున్న ఆఫీసరు, ఏడాదిపాటు సభకు రాకూడదు, చెరువు ఊసెత్తకూడదు అని బాండు రాయించాడు. దానికి సొంత పట్టా ఉన్న మనిషి జామీను నిలబడాలి. మాట తప్పితే జామీను పడ్డవాళ్ళ భూమి జప్తు. జామీను దొరక్కపోతే ఆమెకు జైలు.

ఊరంతా ఆమె చెవిలో "నువ్వడిగింది నిజమే రంగక్కా" అంది. చెవిలో చెప్పడానికి జామీను అక్కర్లేదు కదా. బావ వరసయ్యే జయరామ జామీను పడతానని చెప్పులు కూడా తొడుక్కుని, ఉన్నట్టుండి కడుపునొప్పని పడుకున్నాడు.

గడువు రోజున రంగనాయకమ్మ ఒక్కతే వచ్చి, సంచిలోంచి ఇత్తడి చెంబు తీసి గుమాస్తా హేమనాథ్ బల్ల మీద పెట్టింది.

"మీకు భయం నా మీద గాదు గదా, దీని మీదనే. పెట్టుకోండి."

అని గొంతు తీసి చెంబులో వేసి గుడ్డ కట్టింది. హేమనాథ్ రిజిస్టరులో "ఇత్తడి చెంబు ఒకటి, లోపల గొంతు ఒకటి" అని రాశాడు. బరువు గడి ఎలా నింపాలో తెలియక ఖాళీగా వదిలేశాడు. ఆఫీసరు సంతకం పెట్టాడు. చెంబు బీరువాలోకి పోయింది. ఆ తర్వాత మూడు నెలలు గేదె పిలిచేవాళ్ళు లేక ఎండెక్కే దాకా పడుకునేది.

రిపబ్లిక్ డే సభ దగ్గర పడింది. మరో ఏడాది మన్ను తవ్వడానికి తీర్మానం కావాలి. రంగక్క లేని సభలో చెయ్యెత్తడానికి జనం నసుగుతున్నారని తెలిసి మోహన్‌రాజ్‌కు ఒక గొప్ప తెలివి పుట్టింది. హేమనాథ్‌ను మంచి చేసుకుని చెంబు తెచ్చి పెళ్ళాం చేతికిచ్చాడు.

"తగిలించుకో. నువ్వు పంచాయతీ ఆఫీసు గదిలో మైకు ముందర కూర్చోని ఈ కాగితం చదివితే చాలు. రంగక్క గొంతే సరేనంటే ఇంకెవడు నోరెత్తుతాడు?"

జ్యోతిక తగిలించుకుంది. కొంచెం వదులయింది, అంతే.

జెండా ఎగిరింది. రాజ్యాంగం గొప్పదనం గురించి మోహన్‌రాజ్ అరగంట మాట్లాడాడు. రంగనాయకమ్మ చెరువు కట్ట కింద తన వేరుశనగ చేలో కలుపు తీస్తోంది. ఆమె మాట్లాడకుండా చూడమని పంపిన కానిస్టేబుళ్ళిద్దరూ గట్టు మీద కూర్చుని చూస్తున్నారు. అప్పుడు సభ హారన్లలోంచి ఆమె గొంతే వినపడింది.

"నేను..."

రంగనాయకమ్మ చేతిలో కొడవలి జారింది. తన గొంతుతోనే తన చేను అమ్మేస్తున్నారని అర్థమై ఏడ్చింది. ఆ ఏడుపుకు చప్పుడు కూడా లేదు.

గదిలో జ్యోతిక కూడా ఆగిపోయింది. కాగితంలో తర్వాతి మాట "తప్పుగా మాట్లాడినాను" అని. కానీ నేను అనే మాటను అంత పెద్దగా ఆమె పుట్టిన కాడి నుంచి అనలేదు. మరోసారి అని చూసుకుంది.

"నేను జ్యోతికను. ఈ ఊరి ప్రెసిడెంటును. ముప్పై అడుగులు తవ్వింది నేను కళ్ళారా చూసినాను. ఈ తీర్మానం మీద సంతకం పెట్టను. తవ్వొద్దు అనేవాళ్ళు చేతులెత్తండి."

మోహన్‌రాజ్ పరిగెత్తుకుపోయి మైకు వైరు పీకేశాడు. ఆ గొంతుకు మైకెప్పుడు కావాలి? ఆమె చివరి మాట మళ్ళీ చెప్పింది. పెద్దవాళ్ళ ఇంటి కోడలే అంటోంది కాబట్టి మనకేం కాదులే అని ఊరు ఊరంతా చేతులెత్తింది. జయరామ రెండు చేతులూ ఎత్తాడు. ఆ ఊరి ధైర్యం అంతవరకే.

బాండు తప్పిందని ఎవరి మీద కేసు పెట్టాలో ఆఫీసరుకు తోచలేదు. గొంతు రంగనాయకమ్మదే. నోరు మాత్రం మూసుకునే ఉందని ఆయన పంపిన కానిస్టేబుళ్ళే సాక్ష్యం చెప్పారు. మాటలు ప్రెసిడెంటువి, తన సభలో తను చెప్పినవి. రెండో భాగం పైనుంచి కిందికి రెండుసార్లు చదివినా దానికి సరిపడే హద్దు దొరకలేదు.

సోమవారం జ్యోతిక రంగనాయకమ్మను వెంటబెట్టుకుని తిరుత్తణి పోయింది. ఒక చేతిలో గుడ్డ కట్టిన చెంబు, ఇంకో చేతిలో తన పేరున్న పట్టాలు.

"చెంబు బదులు జామీను మార్చల్ల," అంది తన సొంత గొంతుతో.

"వినపళ్ళేదు మేడమ్. జామీను ఎవరు?" అన్నాడు హేమనాథ్.

"నేను!"

ఎదురుగా కొట్లో పూలు కట్టే ఆవిడ తల తిప్పి చూసింది. రాసుకోక హేమనాథ్‌కు తప్పలేదు. బాండు ఇంకా తొమ్మిది నెలలుంది. రంగనాయకమ్మ మాట తప్పిందని తేలితే ఇప్పుడు పోయేది మోహన్‌రాజ్ కూడబెట్టిన భూములు.

ఇప్పుడు పొద్దున్నే ఆరింటికి గేదెను పిలిచాక, రంగనాయకమ్మ చెరువు వైపు తిరిగి ముప్పై అడుగుల సంగతి కూడా అడుగుతుంది. పాల కేంద్రం దాకా స్పష్టంగా వినపడుతుంది. మోహన్‌రాజ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వీధిలోకి వచ్చి, కనపడిన వాళ్ళందరికీ చెప్పుకుంటాడు.

"రంగక్క ఏమీ అన్లేదు అన్నా. గేదెను పిలిచింది, అంతే."