ముక్కులో రెండు చుక్కలు

ఉదయగిరిలో పసిబిడ్డలకు నీళ్ళు పోయాలంటే పెంచలమ్మ రావాల్సిందే. ముప్పై ఏళ్ళుగా అదే ఆమె పని. కాళ్ళు బారజాపుకుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని కూర్చుందంటే ఇక ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లాలి. బాలింత పెరుగు తినకూడదు, ఫ్యాను కింద పడుకోకూడదు, బిడ్డను ఎప్పుడూ ఒకే పక్కకు పడుకోబెట్టకూడదు అంటూ అడిగినవీ అడగనివీ చెప్పేది. కాదన్న బాలింతకు చీవాట్లు తప్పేవి కావు. ఊరందరికీ సలహాలిచ్చే మనిషికి ఎవరైనా ఒక సలహా ఇస్తే మాత్రం ఒళ్ళు మండేది.

కిరాణా కొట్టు పద్మావతమ్మ కూతురు శ్రీదివ్య తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. పిల్లవాడికి మూడో నెల. సోమవారం వాడికి టీకా వేయించుకొచ్చిన శ్రీదివ్య, మర్నాడు పొద్దున నీళ్ళ వేళకు భయపడుతూనే ఒక మాట అంది.

"అవ్వా, ఇంక ముక్కులో నూనె పొయ్యొద్దు. నర్సు రెబెకమ్మ గట్టిగా చెప్పింది. ఊపిరితిత్తుల్లోకి పోతాదంట."

"నీకు పోసింది ఎవురమ్మా? నేనే గదా. నువ్వు బతకలా? చదవలా? బిడ్డను కన్లా?"

"అయినా వద్దవ్వా."

"సరేలే," అంది పెంచలమ్మ. అన్నది నోటితోనే.

అంతలో లోపల ఫోను మోగితే శ్రీదివ్య లేచి వెళ్ళింది. పద్మావతమ్మ కొట్లో గిరాకీ చూసుకుంటోంది. పిల్లవాడి ముక్కు రాత్రి నుంచి బిగదీసుకుపోయి గురగురమంటోంది. పక్కనే గిన్నెలో గోరువెచ్చటి కొబ్బరినూనె ఉంది. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన నర్సు పిల్ల తనకు నీళ్ళు పోయడం నేర్పేదేమిటనుకుంది పెంచలమ్మ. ఒక్కో ముక్కురంధ్రంలో రెండేసి చుక్కలు వదిలి, ఎప్పటిలాగే ఉఫ్‌మని ఊదింది.

పిల్లవాడికి పొలమారింది. దగ్గబోయాడు, దగ్గు రాలేదు. ముఖం కమిలిపోయింది, పెదాలు నీలంగా మారాయి. పెంచలమ్మ గబుక్కున బోర్లా తిప్పి వీపు మీద చరిచింది. నాలుగో దెబ్బకు గాని వాడు కేరుమనలేదు. ఆ ఏడుపు వినేసరికి ఆమెకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"ఏమైందవ్వా?" అంటూ శ్రీదివ్య పరుగెత్తుకొచ్చింది.

"ఏంలేదులే. నీళ్ళు మొహాన పడినాయి."

సాయంత్రానికి పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడింది. టీకా జ్వరమనుకుని చుక్కల మందు వేశారు. బుధవారం పొద్దున ఏడింటికి పెంచలమ్మ వచ్చేసరికి వాడు పాలు పట్టడం లేదు, ఏడవడం కూడా లేదు. చొక్కా పైకెత్తి చూసింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. చొక్కా దించి వాడిని ఒళ్ళోకి తీసుకుంది.

"డొక్కలెగరేస్తా ఉండాడు. ఇయ్యాల నీళ్ళొద్దు. వహాబును కారు తెమ్మను, ఆత్మకూరు పోదాం," అంది.

వహాబు పక్క సందులో ఉండే డ్రైవరు. పది నిమిషాల్లో వచ్చాడు. పిల్లవాడిని ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో పెంచలమ్మ, అటూ ఇటూ తల్లీకూతుళ్ళు. కారు ఊరు దాటకముందే పద్మావతమ్మ కూతుర్ని అందుకుంది.

"ఆదివారం ఐస్‌క్రీం తినొద్దే తినొద్దే అని మొత్తుకున్నాను. ఇన్నావా? నీ పాలల్లో చలవ దిగి బిడ్డకు పట్టింది. నా మాటంటే లెక్కలేదు. నువ్వన్నా చెప్పు పెంచలా!"

పెంచలమ్మ బిడ్డ మీది గుడ్డ సర్దింది. పాలల్లో చలవ దిగుతుందన్న మాట ఆ ఇంటికి నేర్పింది తనే. శ్రీదివ్య కొంగు నోట్లో కుక్కుకుని, "ఒక్క కప్పే గదమ్మా తినింది, ఒక్క కప్పే గదా," అంటూ ఏడుస్తోంది.

ఆత్మకూరు చేరేదాకా పెంచలమ్మ ఆ చిన్న ఛాతీ మీద నుంచి చూపు తిప్పలేదు. ప్రతి ఊపిరినీ ఇదే చివరిదేమోనని లెక్కపెట్టింది. మధ్యలో రెండుసార్లు చెప్పేద్దామనుకుంది. చెబితే బిడ్డను ఒళ్ళోంచి లాక్కుని తనను నడిరోడ్డు మీద దించేస్తారేమో. ఊళ్ళో మళ్ళీ ఏ గడపా తొక్కనివ్వరేమో. ఇలాంటి వేళలో తన బతుకు గురించి ఆలోచిస్తున్నందుకు సిగ్గేసింది. సిగ్గేసినా ఆ భయం పోలేదు.

పిల్లల ఆస్పత్రిలో డాక్టరమ్మ బిడ్డను చూడగానే లోపలికి తీసుకుంది. కాలి వేలికి ఏదో క్లిప్పు తగిలించి, ఛాతీ మీద గొట్టం పెట్టి వింటూనే అడిగింది.

"పాలు తాగేటప్పుడు పొలమారిందా? నోట్లోగానీ ముక్కులోగానీ ఏమైనా పోశారా? ఆముదం, వస, నూనె, ఏదైనా?"

"ఏం పొయ్యలేదమ్మా. మాకు తెలవదా?" అంది పద్మావతమ్మ.

"నూనె పోసేవాళ్ళు మేడమ్. నర్సు చెప్పిందని నిన్నటి నుంచి నేనే మాన్పించినాను. మా అవ్వ చానా మంచిది, నా మాట ఇనింది," అంది శ్రీదివ్య.

డాక్టరమ్మ తలూపి కాగితం మీద ఏదో రాయసాగింది. పెంచలమ్మకు బిడ్డ గోళ్ళు కనబడ్డాయి. నిన్న పెదాలకు వచ్చిన రంగే ఇప్పుడు వాటికి వచ్చింది.

"ఇన్లేదమ్మా," అంది పెంచలమ్మ.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"నేను ఇన్లేదు. పోసినాను. నిన్న పొద్దున ఎనిమిదింటికి. కొబ్బరినూనె, ఒక్కో ముక్కులో రెండు చుక్కలు. పోసి ఊదినాను. పొలమారి పెదాలు నల్లబడినాయి. ఈ పిల్ల అడిగితే ఏంలేదని అబద్ధం చెప్పినాను."

డాక్టరమ్మ రాస్తున్నది ఆపేసింది. నర్సును కేకేసి ఎక్స్‌రేకు, ఆక్సిజన్‌కు చెప్పింది. "నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి ఉంటుంది. మీరు చెప్పకపోతే ఇంకెక్కడో వెతుక్కుంటూ ఉండేదాన్ని," అంది పెంచలమ్మతో. ఆ గొంతులో మెచ్చుకోలు లేదు, కోపమూ లేదు. "ఇప్పుడే ఏమీ చెప్పలేను. రెండు మూడు రోజులు గడవాలి."

పద్మావతమ్మ పెంచలమ్మ భుజం పట్టి గుంజింది. "నా ఇంట్లో తిని నా మనవడి పానం తీస్తావా! పో అవతలికి!" అని అరిచింది. పెంచలమ్మ కదల్లేదు. ఇంకా కొట్టినా బాగుండుననిపించింది.

శ్రీదివ్య మాత్రం డాక్టరమ్మనే చూస్తోంది. "అయితే నా పాల వల్ల కాదా మేడమ్? ఐస్‌క్రీం వల్ల కాదా?"

"కాదమ్మా. తల్లి ఏం తిన్నా పాలల్లో చలవ దిగదు. ఎవరు చెప్పారు నీకు?"

శ్రీదివ్య గోడకు చేరగిలబడి, ఈసారి గొంతెత్తి ఏడ్చింది. ఎవరు చెప్పారో మాత్రం చెప్పలేదు. పెంచలమ్మ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

వరండాలో బల్ల మీద కూర్చున్న పెంచలమ్మకు తలుపు సందులోంచి మిషను కూత వినబడుతోంది. ఆక్సిజన్ ఎనభై ఆరు నుంచి తొంభై ఒకటికి వచ్చిందని నర్సు ఎవరితోనో అంది. అది చాలునో చాలదో ఆమెకు తెలియదు. అడిగే ధైర్యం లేదు. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. పదిన్నరకు తను రోజూ హీనా వాళ్ళింట్లో ఉంటుంది. అక్కడ నలభై రోజుల ఆడపిల్ల. పెంచలమ్మ ఫోను తీసింది.

"ఏడుండావవ్వా?" అంది హీనా. "నీళ్ళు కాగినాయి, నూనె కాగింది. నువ్వు రాలేదని మా అత్త జైతూన్‌బీ తానే పోస్తానని కూర్చోనుండాది. ముక్కులో రెండు చుక్కలే గదా, నువ్వు పోసినట్టే పోస్తాదిలే."

"వద్దు! ఆ గిన్నె తీసెయ్. నీళ్ళు పొయ్యండి, ముక్కులో మాత్రం ఏమీ పొయ్యొద్దు. చెవుల్లోనూ వద్దు."

"ఏంది అవ్వా ఇది? రోజూ పోసేది నువ్వే గదా? ఇయ్యాల ఎందుకొద్దు?"

వచ్చాక చెబుతానని ఫోను పెట్టేయవచ్చు. పెట్టేస్తే ఈ పూటకు ఆగుతారు. రేపు మళ్ళీ ఆ ముసలమ్మ గిన్నె తీస్తుంది. కారణం చెబితే పొద్దు గూకేలోపు ఉదయగిరంతా పాకుతుంది, ఇంకే తల్లీ తన కాళ్ళ మీద బిడ్డను పెట్టదు. లోపల మిషను మళ్ళీ గట్టిగా కూసింది. ఎవరో లోపలికి పరుగెత్తారు.

"స్పీకరు పెట్టమ్మా," అంది పెంచలమ్మ. "మీ అత్తక్కూడా ఇనపడాల. నిన్న పొద్దున నేనొక బిడ్డకు పోసినాను."