రెండు గడియారాల ఫోను

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. కోరుట్లలో రోడ్డు మీద వండి, రోడ్డు మీదే తినడం అలవాటైపోయింది. ఇంట్లో కన్నా అక్కడే కూర రుచిగా ఉంటోందని మగవాళ్లు అనుకోవడం గీత చెవిన పడింది. రెండు చోట్లా వండేది తనేనని ఆమె గుర్తుచేయలేదు. కొన్ని పొగడ్తల జోలికి పోకూడదు.

చిక్కు వేరే చోట వచ్చింది. వంటావార్పు ఎక్కడని ఉద్యమ కమిటీ అనుకుంటే అక్కడికి, అన్నం వండే గంజుల కన్నా ముందే పోలీసు జీపు వచ్చి నిలబడుతోంది. జగిత్యాల రోడ్డంటే జగిత్యాల రోడ్డు, కథలాపూర్ రోడ్డంటే కథలాపూర్ రోడ్డు. పొయ్యికి రాళ్లు పేర్చకముందే మనుషుల్ని ఎక్కించుకుపోతున్నారు. లోపలి మనిషే ఎవరో చెబుతున్నారు.

గంజులు మోసే ఆటో సామేలుది. చోటు అతనికి ముందే తెలియాలి కదా. ఆ మాట మొదట అన్నది ప్రభాకర్. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం అతనిది. జై తెలంగాణ అన్నవాళ్లకల్లా ఉద్యమం పాటలు ఉచితంగా ఎక్కిస్తాడు. కమిటీలో అతనిదే పెద్ద గొంతు.

"జీపోళ్లతోని సామేలుకు దోస్తాన ఉన్నది. నా కండ్లతోని చూసిన," అన్నాడు.

ఆదివారం మీటింగులో తేలుస్తామన్నారు. తేల్చడమంటే సామేలు ఆటో ఇక అడ్డా మీద నిలబడకుండా చేయడమే. అతని భార్య దీవెన గీత దగ్గరికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నువ్వన్నా నమ్ముతున్నవా అక్కా, గాయిన గసుంటోడు కాదని?"

"నమ్ముతున్న," అంది గీత. కానీ ఆ మాట బయటికి రావడానికి కాస్త ఆలస్యమైంది. దీవెన ఆ ఆలస్యాన్ని చూసింది. వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆ తర్వాత గీతకు అందరూ అనుమానంగానే కనిపించసాగారు. పాలు పోసే సాయవ్వ గుమ్మంలో రెండు నిమిషాలు ఎక్కువ నిలబడితే అనుమానం. కమిటీ కార్యదర్శి అయిన తన మొగుడు శ్రీహరి నిద్రలో గొణిగితే అనుమానం. గొణుగుడు కూడా శ్రద్ధగా విన్నది. అందులో ఉద్యమం ఏమీ లేదు, ఆకలే ఉంది.

చివరికి అనుమానం ఫోను మీదికి పోయింది. కమిటీ కబుర్లన్నీ శ్రీహరి ఫోనుకే మెసేజులుగా వస్తాయి. అది అతని తమ్ముడు దుబాయి నుంచి పంపిన టచ్ ఫోను. లోపలి అర్రలో ఎవరూ ముట్టుకోకుండా పడి ఉన్నా వెచ్చగా ఉండేది. చేతికి తీసుకుని వెలిగిస్తే ఏమీ ఎరగనట్టు చల్లబడేది. ఎవరైనా చూస్తే పడుకుంటుంది, చూడకపోతే పనిచేస్తుంది. గీతకు తెలిసిన కోడళ్లందరికీ ఇది పూర్తి విరుద్ధం.

"గీ ఫోనుకు ఏమో అయిందయ్యా," అంది.

"ప్రభాకర్‌కు చూపించిన. వైరస్ గిట్ల ఏం లేదు, సాఫ్ ఉన్నదన్నడు."

"పాటలు ఎక్కించింది గాయినే కదా?"

"ఆయినే. జెండ బొమ్మ గూడ ఎక్కిచ్చిండు. తెల్లారి సూస్తె లేదు. సరింగ ఎక్కలేదేమో."

ఎక్కని బొమ్మ అసలే కనిపించదు గానీ, ఒకరోజు కనిపించి మరునాడు దాక్కోదు, అనుకుంది గీత.

ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. అక్కడ బట్టలో తప్పు పట్టాలంటే మంచి బట్టను పక్కన పరిచి చూస్తారు. దుబాయి పెట్టెలో అచ్చం ఇలాంటి ఫోనే తోడికోడలు పుష్పకూ వచ్చింది. పోతుందన్న భయంతో పుష్ప దాన్ని ఏ దుకాణానికీ తీసుకుపోలేదు. గీత రెంటినీ పక్కపక్కన పెట్టింది. సెట్టింగుల్లోకి పోయి లోపల ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ సరిచూసింది.

పుష్ప ఫోనులో ఒకే గడియారం ఉంది. శ్రీహరి ఫోనులో రెండున్నాయి. మాయమైన జెండా బొమ్మే గడియారం వేషం వేసుకున్నట్టుంది. రెండో గడియారానికి ఏమేం చేసే అనుమతి ఉందో కింద రాసి ఉంది: మెసేజులు చదవొచ్చు, మెసేజులు పంపొచ్చు.

"టైం చెప్పేదానికి మందికొచ్చిన మెసేజులతోని ఏం పనక్కా?" అంది పుష్ప.

పంపినవాటిలో దాని జాడ ఒక్కటీ లేదు. పంపి, తుడిచేసుకుంటోందన్నమాట. మెసేజు ప్యాకు వేయించి ఉండడంతో బ్యాలెన్సు కూడా తరగలేదు.

"తీసేద్దాం పా," అంది పుష్ప.

"ఇప్పుడు తీస్తె మనకు తెలిసిందని దీన్ని పెట్టినోనికి తెలుస్తది. సామేలు మీద మచ్చ మాత్రం గట్లనే ఉంటది. ఉండనీ."

మర్నాడు ఫోనును తన కొంగుకే కట్టుకుంది. శ్రీహరి కూడా చూడకుండా, పుష్ప చేత దానికి మెసేజు పంపించింది: రేపు పొద్దున వంటావార్పు మెట్‌పల్లి రోడ్డులో. అలాంటిదేమీ లేదు. తెల్లారి కూరగాయల వంకతో అటు పోయి చూస్తే, జీపు ఎండలో నిలబడి లేని అన్నం కోసం ఎదురుచూస్తోంది. ఆ చోటు సంగతి సామేలుకు చెప్పనే లేదు. గీత వంకాయలు కొనుక్కుని తిరిగొచ్చింది.

ఆదివారం కమిటీ మీటింగు గీత వాళ్లింట్లోనే జరిగింది. పెద్దమనిషి నర్సన్న నడుమ కూర్చున్నాడు. సామేలు వాకిట్లో నిలబడ్డాడు, దీవెన గోడ పక్కన. ప్రభాకర్ మాట్లాడుతూనే ఉన్నాడు.

గీత ఛాయ గ్లాసులు తెచ్చి, పళ్లెంతోపాటు శ్రీహరి ఫోనును కూడా నడుమ పెట్టింది. వంటింట్లోంచి పుష్ప మెసేజు కొట్టింది. శ్రీహరి ఫోను మోగింది. ఎవరూ తీయలేదు. ఛాయ ఒక గుక్క తాగేంతలో ప్రభాకర్ జేబు మోగింది.

ఎవరికీ ఏమీ అనిపించలేదు. పుష్ప మళ్లీ కొట్టింది. ఫోను, ఆ వెంటనే జేబు. మూడోసారికి ప్రభాకర్ మాట ఆగిపోయింది. చెయ్యి జేబు మీదికి పోయింది.

"ఏం మెసేజొచ్చిందన్నా?" అంది గీత. "మాయిన ఫోనుకొచ్చిందే మీకూ వస్తున్నట్టున్నది. జర సదువుండ్రి."

"కంపెనోళ్ల మెసేజు," అన్నాడు ప్రభాకర్.

నర్సన్న చెయ్యి చాపాడు. ముసలాయన చెయ్యి కాసేపు గాల్లోనే ఉంది. ఇక తప్పక ప్రభాకర్ ఫోను ఇచ్చాడు. నర్సన్నకు చదువు రాదు, శ్రీహరికిచ్చాడు. శ్రీహరి తన ఫోనులోదీ అందులోదీ చూసి, నిదానంగా చదివాడు.

"ప్రభాకరన్న ఛాయల చక్కెర తక్కువైంది, ఎవ్వరికి చెప్పకు."

గీత రెండు గడియారాల సంగతీ, మెట్‌పల్లి రోడ్డు జీపు సంగతీ చెప్పింది. పాటలు ఎక్కించుకున్న వాళ్లంతా ఒక్కొక్కరే తమ ఫోనులు బయటికి తీసి, వెనక మూత ఊడదీసి, బ్యాటరీలు పళ్లెంలో పెట్టారు. ప్రభాకర్ ఎప్పుడు లేచిపోయాడో ఎవరూ చూడలేదు. అతని గ్లాసులో ఛాయ మాత్రం మిగిలింది.

నర్సన్న గొంతు సవరించుకున్నాడు. "సామేలూ, రేపు పొద్దుగాల గంజులెక్కియ్యాలెరా. ఎక్కడనేది నీ చెవిలనే చెప్త. దగ్గరికి రా."

సామేలు కదల్లేదు.

"చెప్పుండ్రి పెద్దయ్యా, అందరు వినేతట్టు. గంజుల సంగతి కాదు. ముందుగాల నా సంగతి."

అందరూ వినేలా ఆ మాట చెప్పడానికే నర్సన్న లేచి వాకిట్లోకి నడిచాడు. దీవెన గోడ వదిలి ముందుకొచ్చింది. గీత వైపు చూసింది. గీత ఈసారి ఆలస్యం చేయకుండా, తన పక్కన ఆమెకు చోటిచ్చింది.