సరిగ్గా కడగని పంపు

పాల్వంచలో నేను కిరాయికి ఉన్న ఇంటి పెరట్లో తొమ్మిది మందార చెట్లు ఉండేవి. ఇంటావిడ పేరు మహబూబీ. గల్లీలో అందరూ ఖాలా అంటారు కాబట్టి నేనూ ఖాలా అనే పిలిచేదాన్ని. భర్త పోయి పదేళ్లయింది. కొడుకు ఆసిఫ్‌కు బస్టాండు దగ్గర పరుపుల దుకాణం. పొద్దున వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే వస్తాడు. ఆ పగలంతా ఖాలాకు చెట్లతోనే గడిచేది.

ఒక్క చెట్టు కూడా ఆమె కొన్నది కాదు. చుట్టాల ఇళ్లకు పోయినప్పుడు పెన్సిలు మందం కొమ్మ ఒకటి విరిచి, తడిగుడ్డలో చుట్టి తెచ్చేది. పాత నూనె డబ్బాలో గుచ్చి నీడలో పెట్టేది. వేరు పట్టాక నేలలోకి మార్చేది. అట్లా ఎర్ర రెక్క మందార మూడు, ముద్ద మందార నాలుగు, తెల్లది ఒకటి, గులాబీ రంగుది ఒకటి అయ్యాయి. బియ్యం కడిగిన నీళ్లు, వాడేసిన టీ పొడి, ఉల్లిపొట్టు నానబెట్టిన నీళ్లు వాటికే.

పక్కింట్లో జంపయ్య, భీమక్క. జంపయ్య వాచ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. రెండిళ్లకూ మధ్య నడుము ఎత్తు గోడ. ముద్ద మందార కొమ్మలు గోడ దాటి అటు వాలేవి. అటు పూసినవి జంపయ్యవి. రోజూ స్నానం చేసి, తువ్వాలు భుజాన వేసుకొని, ముత్యాలమ్మ పటానికి ఐదు పువ్వులు కోసుకొనేవాడు. ఖాలా ఇటు వైపు ఆకులు తెంపి మనవరాలు ఇరమ్ తలకు నూరేది. ఇద్దరికీ పొద్దున అదే ముచ్చట్ల వేళ.

"జంపన్నా, నీ నెత్తికి గూడ జర ఆకు నూరి ఇయ్యనా?" అనేది ఖాలా.

"విత్తనమే లేని చేన్ల ఎరువేస్తే ఏమొస్తది చెల్లె," అని ఆయన బట్టతల తడుముకొనేవాడు.

నేను ఆ ఇంట్లో చేరింది నిరుడు జూన్‌లో. మాది ములకలపల్లి దిక్కు, అడవి అంచు ఊరు. అమ్మానాన్నలు వేసవిలో తునికాకు కోస్తారు, మిగతా రోజుల్లో రెండెకరాల చేను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. బీఎస్సీ హార్టికల్చర్ పూర్తయ్యాక పాల్వంచ బయట ఒక నర్సరీలో సూపర్‌వైజర్‌గా పెట్టుకున్నారు. ఆ సంగతి ఖాలా గల్లీ అంతా చెప్పింది. "మా ప్రమీల చెట్ల చదువు చదివింది," అని. ఆ తర్వాత ఎవరింట్లో కరివేపాకు ఎండినా, నిమ్మకు పురుగు పట్టినా నన్నే పిలిచేవాళ్లు. నాకు తెలిసినవి చెప్పాను. తెలియనివి కూడా, తెలియదంటే చిన్నతనమనిపించి, ఏదో ఒకటి చెప్పాను.

ఫిబ్రవరి మొదట్లో మందారాలకు పిండినల్లి పట్టింది. చిగుళ్ల సందుల్లో తెల్లగా పత్తి అంటించినట్టు పురుగు, కింద చీమల బారులు, మొగ్గలు విచ్చకుండానే రాలడం. ఖాలా ఒక్కో కొమ్మను సబ్బునీళ్ల గుడ్డతో తుడిచేది. తలకు పైన ఉన్న కొమ్మలు ఆమెకు అందేవి కావు.

"వేపనూనె, సబ్బు కలిపి కొడితే పోతది ఖాలా. ఊరికి పోతున్న గదా, మా తమ్ముని మందు కొట్టే పంపు తెస్తా," అన్నాను.

ఆదివారం మా తమ్ముడు శివ పంపు నా చేతికిస్తూ, "అక్కా, మక్కచేన్ల గడ్డి మందు కొట్టిన దీంతోని. సోడా వేసి మంచిగ కడుగు," అన్నాడు.

"నాకు చెప్తున్నవారా?" అన్నాను.

మా దిక్కు పత్తి వేసే ఎవరికైనా ఈ సంగతి తెలుసు. మక్కచేలో, అంటే మొక్కజొన్నలో, కలుపు చావడానికి కొట్టే ఆ గడ్డి మందు పంపులో చుక్క మిగిలినా పత్తి ఆకు ముడుచుకుపోతుంది. అందుకే ఉన్నవాళ్లు గడ్డి మందుకు వేరే పంపు పెట్టుకుంటారు. లేనివాళ్లు బట్టల సోడా నీళ్లు పంపులో రాత్రంతా నిలిపి మూడుసార్లు కడుగుతారు. పత్తి, బెండ, మందార ఒకటే కుటుంబమని నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

సోమవారం పొద్దున మా గల్లీకి నల్లా నీళ్లు రాలేదు. ఎనిమిదిన్నరకు నేను డ్యూటీకి పోవాలి. ఖాలా అప్పటికే నలుగురికి చెప్పింది. గోడ అవతల భీమక్క నిలబడింది, ఎదురింటి వాళ్లు గేటు దగ్గరికి వచ్చారు. పంపులో సగం బకెట్ నీళ్లు పోసి, రెండుసార్లు ఊపి, పారబోశాను. సోడా లేదు. తొట్టిలో మిగిలిన నీళ్లలో వేపనూనె, సబ్బు కలిపి, పంపు వీపుకు తగిలించుకొని, తొమ్మిది చెట్లకూ పైనుంచి కిందిదాకా తడిసేలా కొట్టాను.

"చూడు, ఆడపిల్ల ఎంత మంచిగ కొడుతుందో," అంది భీమక్క. నేను ఇంకొంచెం నిటారుగా నిలబడ్డాను.

ఐదో రోజుకు చిగుళ్లు వంగాయి. వారానికి కొత్త ఆకులు సన్నగా, పక్షి గోళ్లలా ముడుచుకొని, ఈనెలు దగ్గరదగ్గరగా వచ్చాయి. లేత కొమ్మలు తాడు పేనినట్టు మెలి తిరిగాయి. నాకు చూడగానే అర్థమైంది. నిమిషం కూడా అనుమానం లేదు.

"ఏమైంది బేటీ?" అంది ఖాలా. చీపురు అట్లాగే పట్టుకొని నా ముఖంలోకి చూస్తోంది.

అప్పుడు నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను చెట్టు వైపే చూస్తూ, "ఈ చుట్టుపక్కల ఎవరన్న గడ్డి మందు కొట్టిన్రా ఖాలా?" అని అడిగాను.

"జంపన్న కొట్టిండు గదా, గేటు కాడ, మొన్న."

"గాలికి ఇటొచ్చి ఉంటది," అన్నాను.

నేను అన్నది అంతే. వాళ్ల గేటు మా మధ్య గోడకు దూరంగా, అవతలి కొసన ఉంది. జంపయ్య కొట్టింది గడ్డిని మాడ్చే మందు, ఆకును ఇట్లా మెలితిప్పే మందు కాదు. ఆ తేడా ఆ గల్లీలో తెలిసింది నాకొక్కదానికే. తెలిసే అన్నాను.

మరునాడు పొద్దున గోడ దగ్గర మాటలు వినిపించాయి. నేను నల్లా దగ్గర బకెట్ నింపుతున్నాను.

"నేను గేటు కాడ కొట్టిన చెల్లె. నేలకు ఆనించి కొట్టిన. ఆనాడు ఆకు కదల్లే. ఇటు దిక్కు రానే రాలే," అంటున్నాడు జంపయ్య.

"నేను అంటలే జంపన్నా. చదువుకున్న పిల్ల చెప్తుంది. దానికి నీమీద ఏమన్న పగనా?"

ఆయన నా వైపు చూశాడు. నేను బకెట్‌లోకి చూశాను. నీళ్లు నిండి పొర్లుతున్నా నల్లా కట్టేయలేదు.

"అవ్, చదువుకున్న పిల్లకే తెలుస్తది," అన్నాడాయన. పువ్వులు కోయకుండానే లోపలికి పోయాడు. ఆ రోజు కోయడానికి నాలుగైదు పాత మొగ్గలు ఇంకా ఉన్నాయి.

రెండు రోజులకు ఖాలా ఆసిఫ్‌తో గోడ మీద రేకులు కట్టించింది, మనిషెత్తు దాటేలా. "మళ్లీ గాలి రావద్దు," అంది. గాలి వీస్తే రేకులు డబడబమనేవి. భీమక్క ఎదురుపడితే కొంగు సర్దుకొని పక్కకు తిరిగిపోయేది.

నేను చెట్లను బతికించే పనిలో పడ్డాను. మెలి తిరిగిన కొమ్మలన్నీ కత్తిరించాను. పొద్దున, సాయంత్రం నీళ్లు పెట్టాను. డ్యూటీ నుంచి రాగానే బట్టలు మార్చకుండా పాదులు తవ్వుతుంటే ఖాలా గడపలో కూర్చొని, "సొంత బిడ్డ గూడ ఇంత చెయ్యదు," అనేది. శుక్రవారం నాకు వేరే గిన్నెలో బగారా అన్నం పంపింది. ఆ గిన్నె ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. తిన్నాను కూడా. పంపు కడిగి తిరిగిస్తే మా తమ్ముడు, "చెట్లు మంచిగైనయా అక్కా?" అన్నాడు. "అయినయి," అన్నాను.

చెప్పాలని రోజూ అనుకున్నాను. చెప్తే నా డిగ్రీ మీద నవ్వుతారని ఒక భయం. ఇల్లు ఖాళీ చేయమంటారని ఇంకో భయం. మా ఊరిలో మా నాయన ఎవరితోనైనా నా గురించి చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెంచుతాడు. అది కూడా గుర్తొచ్చేది. రోజులు గడిచేకొద్దీ ఒక తప్పు కాస్తా రెండు తప్పులయ్యాయి, రెండోదే పెద్దది.

మార్చి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం జంపయ్య మా నర్సరీకి వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి గేటు దగ్గరే ఆగి, చెప్పులు విడిచాడు. చెట్లు అమ్మే చోట చెప్పులు ఎవరూ విడవరు.

"ముద్ద మందార కావాలె బిడ్డా. రెండు."

"ఎవరికి పెదనాయినా?"

"మహబూబీకి. నా మందు కాదు అది. కానీ ఆమె చెట్లయితే పోయినయి గదా. ముప్పై ఏండ్ల సంది నా దేవుడికి ఆమె పువ్వులే పెట్టిన. ఆమె ఇంట్ల చెట్లు ఎండుతుంటే నేను ఊకోవద్దు." ఆయన వరసలో ఉన్న మొక్కలను చూస్తున్నాడు. "జల్దీ పెరిగేది చూసి ఇయ్యి. నీకైతే మంచిగ తెలుస్తది."

నేను రెండు మొక్కలు తీశాను. కవర్ల కింద వేర్లు చూశాను, ఆకులు తిప్పి పురుగు ఉందేమో చూశాను. ఆయన నా చేతులనే నమ్మకంగా చూస్తున్నాడు. మొక్కలు కింద పెట్టేశాను.

"పెదనాయినా, అది నేను చేసిన. మా తమ్ముని పంపుల గడ్డి మందు ఉండె. సరిగ్గ కడగలే. నాకు ఆనాడే తెలుసు. నీమీద పెట్టిన."

ఆయన కోప్పడతాడని తల దించుకొని నిలబడ్డాను. ఆయన వంగి, నేను కింద పెట్టిన మొక్కలను తిరిగి వరసలోకి జరిపాడు.

"నాకు చెప్తే ఏమొస్తది బిడ్డా," అన్నాడు. "నేను కొట్టలేదని నాకు తెల్వదా? అటు చెప్పు."

మొక్కలు తీసుకోలేదు. చెప్పులు వేసుకొని పోయాడు.

సాయంత్రం ఖాలా పెరట్లో మంచం మీద కూర్చొని చింతపండు గింజ తీస్తోంది. నేను నిలబడే చెప్పాను. పంపు, సోడా, సగం బకెట్ నీళ్లు, గాలి మాట, అన్నీ వరసగా చెప్పాను. మధ్యలో ఆమె చెయ్యి ఆగింది. కొట్టినా, తిట్టినా బాగుండేది. ఇల్లు ఖాళీ చేయమన్నా సరేననుకున్నాను. ఆమె నన్ను చూడనే లేదు. గోడ మీది రేకులనే చూసింది.

"నేను కట్టించిన గదా అవి," అంది. "నేనే కట్టించిన. ఇప్పుడు ఏం ముఖం పెట్టుకొని పిలవాలె ఆయన్ను?"

సిగ్గుపడాల్సింది నేను. ఆ సిగ్గును ఆమె కూడా మోస్తుందని అప్పటిదాకా నాకు తోచలేదు. చింతపండు మరకల చేతులు కడుక్కొని, నల్ల చాదర్ కప్పుకొని, ఆమె వీధి గేటు వైపు నడిచింది. "నువ్వు గూడ రా," అంది. "అక్కడ నువ్వు ముందు మాట్లాడకు. ముందు నా మాట ఉంది."

జంపయ్య వాకిట్లో స్టూలు మీద కూర్చున్నాడు. ఖాలాను చూసి లేచాడు.

"జంపన్నా," అంది ఆమె, "తప్పయింది. నిన్నొక మాట అడిగి నమ్మాల్సి ఉండె. నమ్మలే."

"కూసో చెల్లె," అన్నాడాయన. "రేకులు నువ్వు ముట్టకు, చేతులు తెగుతయి. ఆసిఫ్‌ను తియ్యమను."

వాళ్లిద్దరి మధ్య అంతే. ముప్పై ఏళ్ల స్నేహానికి అంత మాట చాలినట్టుంది. తర్వాత నేను చెప్పాను, అదే వరసలో, భీమక్క వినేలా. ఆమె గడపలో నిలబడి మొత్తం విన్నది.

"ఒక మాట చెప్పనా బిడ్డా," అంది. గొంతు పెంచలేదు. "నలభై ఏండ్ల సంసారంల ఈయన మాట నేను తీసేయలే. ఊరోళ్లు ఎవరన్న ఏమన్న అంటే పోయి కొట్లాడేదాన్ని. నువ్వు అన్నవని, చదువుకున్నదానివని, ఆనాడు నేనే అడిగిన ఈయన్ను, గోడ దిక్కు గూడ కొట్టినవా అని. మూడు రోజులు ఈయన నాతోని మాట్లాడలే."

జంపయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకొని అటు తిరిగాడు. ఖాలా స్టూలు మీద తల వంచుకొని కూర్చుంది.

భీమక్కే మళ్లీ అడిగింది, "ఇంతకు ఆ చెట్లు బతుకుతయా?"

మామూలుగా అయితే నా దగ్గర జవాబు తయారుగా ఉండేది. మూడు చెట్లు మోడు దాకా ఎండాయి. మిగతావాటి బెరడు గోకితే లోపల ఇంకా పచ్చగానే ఉంది. కానీ వేరులో ఏముందో నాకు కనిపించదు.

"తెల్వదు పెద్దమ్మా," అన్నాను.

ఆ మాట నమ్మొచ్చా అన్నట్టు ఆమె భర్త వైపు చూసింది.